కంచర గాడిదల బాటలో ఒక ప్రొటీన్

కురిటీబా, దక్షిణ బ్రెజిల్

అక్కా,

క్యాన్సర్ పాఠంలో పి53 ప్రొటీన్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలకు నిద్ర ముంచుకొస్తుందని అంటుంటావు కదా. ఇక్కడికి వచ్చాక ఆ మాట పదేపదే గుర్తొచ్చింది. ఈ ప్రాంతంలో పి53 అంటే కొన్ని వేల ఇళ్లలో వంశపారంపర్యంగా వస్తున్న సంగతి. అందులోని ఒక తేడా ప్రపంచంలో మరెక్కడా ఇంతమందిలో కనిపించదు. అందుకే ఊరి ముచ్చట్లు తగ్గించి దాని గురించే రాస్తున్నాను.

ఊరు తొమ్మిది వందల మీటర్లకు పైన ఎత్తులో ఉంది. జూన్‌లో చలి ఎముకలు కొరుకుతుంది. ఎటు చూసినా అరౌకారియా చెట్లే. వాటి గింజలు పొడుగ్గా, ఎర్రటి తొక్కతో ఉంటాయి. ఉప్పునీళ్లలో ఉడకబెట్టి పొట్లాల్లో అమ్ముతారు. వేడివేడిగా ఉండగానే మొదలు కొరికి, వేళ్లతో నొక్కితే లోపలి పప్పు బయటికి జారుతుంది. కాలిబాటల మీద నల్లరాళ్లు, తెల్లరాళ్లు పేర్చి ఆ చెట్టు కాయల బొమ్మలే వేశారు.

ఇక్కడి నుంచి బస్సెక్కి లాపా అనే పాత ఊరికి వెళ్లాను. వీధి పొడవునా వరసగా పెంకుటిళ్లు. పంది ఎముకతో ఉడికించిన మొక్కజొన్న నూక పెట్టారు. ఒకప్పుడు ట్రొపేరోల మజిలీ ఇది. 18వ శతాబ్దంలో దక్షిణాన వియమావు నుంచి సావోపాలో వైపు సొరొకాబా సంతకు కంచర గాడిదల మందలను తోలుకుపోయినవాళ్లే ట్రొపేరోలు. అక్కడి నుంచి ఆ జంతువులు బంగారు గనులకు వెళ్లేవి. దారి వెంట మజిలీలు ఊళ్లయ్యాయి. దారిన పోయేవాళ్లలో కొందరు ఆ ఊళ్లలోనే పెళ్లిళ్లు చేసుకొని స్థిరపడ్డారు.

ఇక అసలు విషయం. దక్షిణ బ్రెజిల్‌లోని ఈ రాష్ట్రాల్లో చిన్నపిల్లలకు అడ్రినల్ గ్రంథి క్యాన్సర్ మిగతా ప్రపంచం కంటే 10 నుంచి 15 రెట్లు ఎక్కువ. మూడేళ్ల పిల్లకు మొటిమలు వస్తాయి, గొంతు బొంగురుపోతుంది, ఒంటి మీద ఆ వయసుకు రాకూడని వెంట్రుకలు కనిపిస్తాయి. స్నానం చేయిస్తూ మొదట గమనించేది చాలాసార్లు తల్లే. 2001లో ఇలాంటి పిల్లలు 36 మందిని పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. 35 మందిలో పి53 జన్యువులో ఒకే తేడా, ఒకే చోట! తర్వాతి పరిశోధనల్లో, ఈ తేడా ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ అది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినట్టు తేలింది. ఆ కుటుంబాలను పటం మీద గుర్తు పెట్టి చూస్తే పాత గాడిదల బాట కళ్లకు కడుతుంది. సావోపాలో వైద్యురాలు మరియా ఇసబెల్ అషాట్జ్ బృందం ఈ సంబంధాన్ని ముందుకు తెచ్చింది. నేను నడిచిన లాపా వీధి ఆ బాటలో ఒక ముక్క.

పి53 చేసే పని నీకు కొత్త కాదు. మామూలు రోజుల్లో ఎండీఎం2 అనే మరో ప్రొటీన్ దాన్ని ఎప్పటికప్పుడు నాశనానికి పంపిస్తుంటుంది కాబట్టి కణంలో అది కొద్దిగానే ఉంటుంది. డీఎన్‌ఏ తెగితే ఆ అదుపు సడలుతుంది, పి53 పోగవుతుంది, డీఎన్‌ఏను పట్టుకొని పి21 వంటి జన్యువులను మేల్కొలుపుతుంది. మరమ్మతు అయ్యేదాకా కణం విభజన ఆగుతుంది. మరమ్మతు కుదరకపోతే కణమే చచ్చిపోతుంది. 393 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో డీఎన్‌ఏను పట్టే భాగం నడుమన ఉంది. ఒక జింక్ అయాన్ ఆ భాగాన్ని కుదురుగా నిలబెడుతుంది. అది డీఎన్‌ఏను ఎలా పట్టుకుంటుందో 1994లో న్యూయార్క్‌లో పావ్లెటిచ్ బృందం చూపించింది. 175, 248, 273 స్థానాల్లో వచ్చే పేరుమోసిన దెబ్బలన్నీ ఆ నడిమి భాగంలోనివే.

బ్రెజిల్ తేడా అక్కడ లేదు. చివరికి దగ్గరగా, 337వ స్థానంలో ఉంది. నాలుగు పి53లను ఒకటిగా కలిపే భాగం అది. పల్లకీ నలుగురు బోయీలు భుజం కలిపితేనే లేచినట్టు, ఈ ప్రొటీన్ కూడా నాలుగు కలిస్తేనే సరిగా పనిచేస్తుంది. మొదట రెండేసి జతకడతాయి, తర్వాత ఆ జతలు రెండూ కలుస్తాయి. 337లో ఉండే ఆర్జినైన్‌కు ధనావేశం, జతలోని రెండో గొలుసులో 352 దగ్గరున్న ఆస్పార్టేట్‌కు రుణావేశం. అవి ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. ఇక్కడివాళ్లలో డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారి, ఆర్జినైన్ చోట హిస్టిడిన్ వచ్చింది. హిస్టిడిన్ ఆవేశం పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 7 దగ్గర ఉంటే పట్టు నిలుస్తుంది, 8 వైపు జరిగితే ఆవేశం పోయి పట్టు సడలి నాలుగూ విడిపోతాయి. 2002లో అమెరికాలోని సెయింట్ జూడ్ శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు.

ఈ యాత్రలో నన్ను నిలబెట్టేసింది ఇదే అక్కా. నడిమి భాగంలో తగిలే పెద్ద దెబ్బలు చిన్న వయసులోనే క్యాన్సర్ తెచ్చి చాలా వంశాలను తుంచేస్తాయి. ఈ చిన్న తేడా ఉన్నవాళ్లలో చాలామంది పెరిగి పెద్దయ్యారు, గాడిదలు తోలారు, పిల్లల్ని కన్నారు. మెత్తని లోపం కాబట్టే ఇంత దూరం వచ్చింది.

ఎంతమందిలో ఉందో తేల్చింది ఈ ఊరివాళ్లే. ఇక్కడి పిల్లల ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న పరిశోధన సంస్థకు ఫుట్‌బాల్ ఆటగాడు పెలే తన పేరు ఇచ్చాడు. అక్కడి బోనాల్డ్ ఫిగెరెదో బృందం పరనా రాష్ట్రంలో 1,71,649 మంది పసిపిల్లల రక్తపు చుక్కలను పరీక్షించింది. 461 మందిలో ఈ తేడా దొరికింది, అంటే సుమారు 370 మందిలో ఒకరికి. వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. పి53 జన్యువు ఉన్న 17వ క్రోమోజోమ్ మీదే ఎక్స్‌ఏఎఫ్1 అనే జన్యువులో మరో తేడా కూడా తోడైతే ముప్పు పెరుగుతుందని 2020లో తెలిసింది. రాకపోవచ్చు కదా, పుట్టిన రోజు నుంచే తల్లిదండ్రులను భయపెట్టడం ఎందుకు అనే వాదన ఉంది. నాకైతే పరీక్షే మేలనిపిస్తుంది. గడ్డ చిన్నదిగా, గ్రంథి దాటకుండా ఉన్నప్పుడు ఆపరేషన్‌తో తీసేస్తే ఆ పిల్లల్లో చాలామంది బతుకుతారు. అల్ట్రాసౌండ్, హార్మోన్ల రక్తపరీక్ష మామూలు ఆసుపత్రిలోనూ జరిగేవే.

నీ విద్యార్థులకు ఇదంతా చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు: ఏ ఇంట్లోనైనా పిల్లలకో, నలభై దాటని పెద్దలకో ఒకరి తర్వాత ఒకరికి క్యాన్సర్ వస్తుంటే తలరాత అని ఊరుకోవద్దు. ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందో కాగితం మీద రాసుకొని జన్యు పరీక్షల గురించి సలహా ఇచ్చే డాక్టరు దగ్గరికి వెళ్లమను.

నీ తమ్ముడు