చేనులో రాయి

మొన్న వేసవి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాన్న ఒక మాట అన్నాడు. "ఆ రాయి ఈ ఏడు తీసేద్దాంరా. ట్రాక్టరుకు అడ్డమొస్తున్నది." నేను సరేనన్నాను. సైన్సు చదివేవాణ్ణి కదా, రాయంటే నాకు రాయే!

మాది ఉట్నూరు వైపు ఒక పల్లె. ఆరెకరాల నల్లరేగడి, పత్తి, కంది వేస్తాం. చేను నడుమ ఒక ఇప్పచెట్టు, దాని కింద మోకాలెత్తు రాయి. ఏడాదికొకసారి కొందరు గోండు పెద్దలు నడిచి వస్తారు. పసుపు పెడతారు, కోడిని కోస్తారు, దండం పెట్టుకొని వెళ్ళిపోతారు. మేము ఏనాడూ వద్దనలేదు. ఎందుకని అడగనూ లేదు.

ఈ సంవత్సరం మా జియాలజీ మేడమ్ ఒక ఆదివారం మమ్మల్ని గచ్చిబౌలికి తీసుకువెళ్ళారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, తర్వాత దుర్గం చెరువు గుట్టలు చూశాం. చుట్టూ అద్దాల మేడలు! 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత ఈ మాదాపూర్ చుట్టుపక్కల ఎన్ని గుట్టలు పేలిపోయాయో లెక్కలేదు. "ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. మీ నల్లరేగడికి తల్లి అయిన బసాల్టు దీని ముందు పసిబిడ్డ. దానికి 6.6 కోట్ల ఏళ్ళే" అన్నారు మేడమ్. నేను నోట్సు రాసుకున్నాను.

నా పక్కనే ఉన్న రూమ్మేటు కెరమెరి వైపు గోండు కుర్రాడు. వాడు మాత్రం మెల్లగా ఇట్లా అన్నాడు: "మా దగ్గరైతే ఇంత రాయికి ఒక కథ ఉండేది. ఇక్కడ చెప్పేటోళ్ళే లేరా?"

ఆ రాత్రి హాస్టల్లో వాడు కథ చెప్పాడు. గోండుల దేవతలందరూ ఒకప్పుడు గుహలో బందీలట. పహండి కుపార్ లింగాల్, జంగుబాయి వాళ్ళను విడిపించారట. లింగాల్ వాళ్ళను నాలుగన్నదమ్ముల, ఐదన్నదమ్ముల, ఆరన్నదమ్ముల, ఏడన్నదమ్ముల వర్గాలుగా విభజించి, కట్టుబాట్లు నేర్పాడట. ఈ కథలను ప్రధాన్లు కిక్రి వాయిస్తూ రాత్రుళ్ళు పాడతారు. జంగుబాయి గుహ కెరమెరి గుట్టల్లో ఇప్పటికీ ఉంది. మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నాగోబా కోసం గోదావరి నీళ్ళు చెప్పుల్లేకుండా నడిచి తెస్తారు. అంటే మిత్రులారా, కథలోని చోట్లన్నీ కాలితో తొక్కి చూడగలిగేవే!

ఊరికే మా చేనులో రాయి సంగతి చెప్పాను. వాడు లేచి కూర్చున్నాడు. "అది ఆకిపేన్ కావచ్చు. ఊరు కాసే దేవుడు. పేన్ ఉన్నదంటే అక్కడ ఒకప్పుడు ఊరున్నట్టే."

నాకు నిద్ర పట్టలేదు.

మా తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కుదరదన్న 1970 నాటి 1/70 చట్టానికి ముందే వచ్చానని చెప్పుకునేవాడు. ఎవరి దగ్గర కొన్నాడో మాత్రం చెప్పలేదు.

లైబ్రరీలో వెతికాను. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల స్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆ పురాణ గాథలన్నీ రాసుకొని 1948లో గ్రంథం అచ్చువేశారు. గుంజాల గ్రామంలో గోండీ లిపిలో చేతిరాత ప్రతులు దొరికాయి. జయధీర్ తిరుమలరావు గారు వాటిని వెలుగులోకి తేవడానికి కృషి చేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అద్దాల మేడల్లోని కంప్యూటర్లలో దానికి చోటు దొరికింది. మా ఆరెకరాల్లో ఒక రాయికి చోటు లేదా?

దూరాన ఆస్ట్రేలియాలోనూ ఇదే సంగతి. 1963లో యిర్కలా ఆదివాసులు తమ నేలలో బాక్సైటు గని వద్దంటూ పార్లమెంటుకు చెట్టుబెరడు మీద అర్జీ పంపారు. దాని అంచుల నిండా వాళ్ళ వంశాల చిత్రాలే. మనకు పట్టా పాసుపుస్తకం ఎట్లాగో వాళ్ళకు ఆ బొమ్మలు, ఆ కథలు అట్లా. అక్కడి హైకోర్టు ఆదివాసుల భూమి హక్కును 1992లో గాని ఒప్పుకోలేదు.

నేను నాన్నకు ఫోన్ చేశాను. "నాన్నా, రాయి తీయొద్దు."

"ఎందుకురా?"

"అది మనకన్న ముందటిది."

చాలాసేపు పలకలేదు. "తాత ఆ చేను ఎవరి దగ్గర కొన్నడు?" అని కూడా అడిగాను. "పెద్ద చదువులు చదివి గిట్లనేనా అడిగేది?" అని పెట్టేశాడు. వారం తర్వాత తనే చేశాడు. దుక్కి అయిపోయిందట. "చెట్టు చుట్టూ నాలుగు గజాలు ఇడిచిపెట్టి దున్నిన" అన్నాడు. నా రెండో ప్రశ్నకు జవాబు లేదు.

ఈసారి ఆ పెద్దలు వచ్చేనాటికి నేను ఇంట్లో ఉండాలనుకుంటున్నాను. నాకు తెలిసింది రాయి వయసు మాత్రమే. దాని పేరేమిటో వాళ్ళను అడగాలి. వాళ్ళు తిరిగి ఏమడుగుతారో... అదీ వినాలి.