వెతికితే దొరకని మాట

మేం ఇద్దరు అన్నదమ్ములం. పెద్దోడిది పత్రికలో పని, చిన్నోడిది కంప్యూటర్ పని. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. అమ్మీతో ఉర్దూలో పోట్లాడి, ఆ పోట్లాట సంగతి దోస్తులకు తెలుగులో చెప్పుకుని పెరిగాం.

ఈ రెండు భాషల మాటల్నీ ఒకచోట చేర్చి ఫోన్‌లో చూసుకునేలా ఒక యాప్ చేశాం. మాటలు పెద్దోడు పోగేశాడు. యాప్ చిన్నోడు రాశాడు. కంపెనీ లేదు, పెట్టుబడి లేదు. ఉద్యోగాల నుంచి వచ్చాక రాత్రిళ్లు కూర్చుని చేసిన పని. కితాబుల్లో 'హా' ఉంటుంది. మా ఇళ్లల్లో 'హౌ' ఉంటుంది. రెండూ పెట్టాం. దానికి 'లుగత్' అని పేరు పెట్టాం. లుగత్ అంటే నిఘంటువు. ఆ పేరు చూసుకుని మాకు మేమే మురిసిపోయాం.

దుకాణంలో పెట్టే ముందు 12 మందితో 14 రోజులు వాడించి చూపాలన్నారు. మామూజాన్ కొడుకులు, ఫూఫీ కూతుళ్లు, మొబైల్ రిపేరు షాపు కుర్రాడు, ఎలాగో కూడగట్టాం. యాప్ దుకాణంలోకి ఎక్కిన రాత్రి అమ్మీ షీర్ ఖుర్మా చేసింది.

తెల్లారి వెతికితే కనబడలేదు.

పేరు మొత్తం కొడితే ఉంది. 'ఉర్దూ తెలుగు' అని కొడితే లేదు. పేరు తెలిసినవాడికే కనబడే సరుకు ఎవరికోసం? పేరు తెలిసింది ఆ 12 మందికే కదా.

2008 జూలైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు అందులో ఉన్నవి 500 యాప్‌లు. ఓపికుంటే అన్నీ తిరగేయొచ్చు. ఇప్పుడున్నవి లక్షల్లో. అందుకని ఎవరైనా ఒక మాట కొట్టి వెతకాల్సిందే. ఆ మాట యాప్ పేరులో ఉందా, ఎంతమంది దించుకున్నారు, ఎన్ని స్టార్లు ఇచ్చారు, ఉంచుకున్నారా తీసేశారా, ఇలాంటివి చూసి యంత్రం వరస కడుతుంది. డబ్బు కట్టినవాళ్ల ప్రకటన ఆ వరసకు పైన కూర్చుంటుంది. కనబడితేనే దించుకుంటారు. దించుకుంటేనే కనబడుతుంది. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం అన్న మాట మా బస్తీ కుర్రాళ్లు ఎప్పట్నుంచో వింటున్నదే.

పైగా లిపి తిప్పలు. 'జిందగీ' అన్న మాటను ఒకరు తెలుగులో కొడతారు, ఒకరు ఉర్దూలో, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో. మనిషికి ఒకే మాట, యంత్రానికి మూడు. ఉర్దూ లిపిలోనూ చిక్కే. అరబ్బీ 'కాఫ్' వేరు, ఉర్దూ 'కాఫ్' వేరు. మనం ఒకటే అనుకుని చదువుతాం గానీ కంప్యూటర్ లోపల వాటి సంకేతాలు వేరు. ఎవరో ఒకరు పూనుకుని రెంటినీ కలిపితే తప్ప ఒకదానితో వెతికితే ఇంకోటి దొరకదు. మా యాప్ లోపల కలిపాం. దుకాణం గుమ్మం మా చేతిలో లేదు. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. చట్టంలో దొరికిన చోటు వెతుకుడు పెట్టెలో దొరకలేదు.

తెలిసినవాళ్లు సలహా చెప్పారు: "తెలుగు తీసేసి ఇంగ్లీషు పెట్టండి, కనబడతారు." కనబడటం కోసం తెలుగు తీసేస్తే ఇక కనబడేది ఎవరు?

లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. అప్పుడు సర్కారు భాష ఉర్దూ. కనబడకుండా పోయింది తెలుగు. ఆ సంగతి మేం మరిచిపోకూడదు.

మా కళ్లు తెరిపించింది మా వీధిలోని దూదేకుల అత్త. గుంటూరు వైపు కుటుంబం, ఇంట్లో తెలుగే. కోడలు పాతబస్తీ పిల్ల. "కోడలూ వాళ్లమ్మా ఫోన్లో ఏం మాట్లాడుకుంటారో నాకూ తెలియొద్దా అబ్బాయ్? మీ యాప్ ఎంత వెతికినా రాలేదు" అంది.

"ఏమని వెతికారత్తా?"

మైకు బొమ్మ నొక్కి చూపించింది. "తురకం మాటలు."

మేం మొహమొహాలు చూసుకున్నాం. లుగత్ అన్న మాట ఆమె ఎన్నడూ విన్నది కాదు. మా చదువంతా పేరులోకి ఎక్కి కూర్చుంది. ఉర్దూ వచ్చినవాళ్లమే అసలు ముసల్మానులమన్న గీర కూడా అందులో కొంత ఉంది. ఆమెలాంటి వాళ్ల గురించి మా ఇళ్లల్లో ఎలా మాట్లాడుకునేవారో మాకు గుర్తే.

వివరణలో 'తురకం' అని రాద్దామన్నాడు చిన్నోడు. పెద్దోడు ససేమిరా అన్నాడు. 'తురక' అన్న మాట బడిలో వెనక బెంచీ నుంచి మా వీపుల మీద పడ్డ మాట. అద్దె ఇంటికోసం వెళ్తే తలుపు మూశాక లోపల్నుంచి వినిపించిన మాట. అత్త నోట్లో మాత్రం అది తిట్టు కాదు, ఒక భాష పేరు. ఈ తేడా యంత్రానికి చెప్పేదెలా?

రెండు రోజులు మాకు మాటల్లేవు. చివరికి అమ్మీ ఉర్దూలోనే అంది: "ఆమె ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకు పలకండిరా. లోపలికొచ్చాక మీ పేరు మీరు చెప్పుకోండి."

యాప్ పేరుకు 30 అక్షరాలే చోటు. ఆపిల్‌లో అంతే. గూగుల్ ప్లేలోనూ 2021లో 50 నుంచి 30కి తగ్గించారు. బోర్డు మీద 'ఉర్దూ తెలుగు మాటలు' అని రాశాం. లుగత్ లోపలి పేజీకి పోయింది. వివరణలో 'కొన్ని ఊళ్లల్లో తురకం అని పిలిచే భాష' అని ఒక ముక్క చేర్చాం. యాప్‌లో ఆ మాటకు అర్థం రాశాం. అది తిట్టుగా ఎప్పుడు వినబడుతుందో, ఎప్పుడు కాదో కూడా రాశాం. పెద్దోడికి ఆ వాక్యం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

నెల తర్వాత అత్త మళ్లీ వెతికింది. పైన లేదు. వేలితో తోసుకుంటూ తోసుకుంటూ పోయింది.

"ఉన్నారబ్బాయ్. మరీ అడుగునున్నారు" అంది.

దించుకుంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి మొదట వెతికిన మాట 'సాస్'. అత్త అని అర్థం వచ్చింది. వాళ్లిద్దరూ ఎందుకు నవ్వుకున్నారో మాకు చెప్పలేదు.