నీళ్ళకుండల తాత

ఎండలు ముదిరిన కొలది నాకు మా గ్రామ ఉన్నత పాఠశాలలో జరిగిన ఒక వార్షికోత్సవము జ్ఞప్తికి వచ్చుచుండును. మాది పల్నాటి సీమ. వేసవిలో రాత్రులందు సైతము అచ్చటి రాతిగోడలు సెగలు గ్రక్కుచుండును.

అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. ఒంటిపూట బడులు నడచుచుండెను. వార్షికోత్సవమున పరుగుపందెము కలదు. బడి విడిచిన వెంటనే ఇండ్లకు పొమ్మని ఉపాధ్యాయులు హెచ్చరించినను, నేను వినక మిట్టమధ్యాహ్నము మైదానములో పరుగు సాధన చేయుచుంటిని. మా నాయనమ్మ ప్రతిదినము నా జేబులో ఒక ఉల్లిగడ్డ వేసి పంపెడిది. అది యున్నచో వడదెబ్బ తగులదని ఆమె నమ్మకము. నా ధైర్యమును అదియే.

ఒకనాడు నాలుగవ చుట్టు తిరుగుచుండగా తల పగులునట్లు నొప్పి లేచెను. కడుపులో త్రిప్పెను. పిక్కలు పట్టుకొనెను. ఆగినచో ఓడినట్లే యని తలచి పరుగు మానలేదు. పిమ్మట నేల గిఱ్ఱున తిరుగుట మాత్రమే నాకు తెలియును.

కన్నులు తెరచునప్పటికి వేపచెట్టు నీడను పడియుంటిని. మెడమీదను, చంకలలోను తడిగుడ్డలుండెను. పాఠశాలలో మంచినీళ్ళ కుండలు నింపెడి తాత తాటాకు విసనకఱ్ఱతో విసరుచుండెను. "బాబూ, నీ పేరేమి?" అని అతడు అడిగెను. నేను తెలివితో బదులు చెప్పిన పిదపనే నీరు కొంచెము కొంచెముగా త్రాగించెను. నాటికి 108 వాహనములు లేవు. అవి 2005లో వచ్చినవి. ఎడ్లబండిపై నన్ను వైద్యునికడకు చేర్చినవాడును అతడే.

"తాతా, ముందుగా పేరెందుకు అడిగితివి?" అని తరువాత ప్రశ్నించితిని.

"తెలివి లేనివాని నోట నీరు పోసితిమా, పొలమారి ఊపిరి ఆగును. మా అన్న చేలో పడిననాడు ఆ సంగతి నాకు తెలియదు, బాబూ" అని అతడు తల వంచుకొనెను. ఆ వెంటనే నా ఉల్లిగడ్డను చేతిలో పెట్టి, "దీనిని మజ్జిగన్నములో నంజుకొనుము, అంతకు మించి ఇది చేయునదేమియు లేదు" అని నవ్వెను.

వైద్యుడు వలదనుటచే నేను పందెములో పాల్గొనలేదు. వార్షికోత్సవము నాటి సాయంకాలము చదువులలోను, ఆటలలోను మొదటివారికి బహుమతులిచ్చిరి. ఉపాధ్యాయులను సత్కరించిరి. చివరకు ప్రధానోపాధ్యాయులు తాతను వేదికపైకి పిలిచి, శాలువ కప్పుటకు నన్ను రమ్మనిరి. నా యెత్తు చాలకపోగా ఆ ముదుసలియే నా ముందు వంగెను. నా చేతులు వణకెను.

"ఇన్నేండ్లుగా ఈతడు మన దప్పిక తీర్చెను. నీవు త్రాగితివా యని మనలో ఒక్కరైనను ఈతని నడిగితిమా?" అని ప్రధానోపాధ్యాయులు పలుకగా సభ నిశ్శబ్దమయ్యెను.

బాలలారా! 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి పైగా మరణించిరి. దప్పిక కాకముందే నీరు త్రాగుడు. మధ్యాహ్నపు టెండలో ఆడకుడు. తప్పనిసరిగా పోవలసినచో తలకు గుడ్డ చుట్టుకొనుడు. నీరసించినవారికి లీటరు మంచినీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఇయ్యవచ్చును. ఒడలు కాలుచు మాట తడబడినచో అది ప్రాణాపాయము. వెంటనే 108కు తెలిపి, నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లబరచుడు. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయకుడు.

తాత నేడు లేడు. కాని మండువేసవిలో ఎవరైన నాకు మంచినీళ్ళు తెచ్చి యిచ్చినచో, "మీరు త్రాగితిరా?" అని అడుగక ఆ లోటా నోటికెత్తజాలను.