వేడినీటి గుమ్మం

సంప్రదాయ విడిది ‘ర్యోకాన్’లో అడుగుపెట్టిన అతిథి పాదరక్షలతో పాటు హోదానూ గుమ్మంలోనే విడుస్తాడు. అందరికీ ఒకే తీరు యుకతా, నేలపై ఒకే తతామీ చాప. ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే వేడినీటి కొలనులో దిగాలి. ఒంటిపై నూలుపోగు లేని ఆ చోట మంత్రికీ కూలీకీ భేదం కనిపించదు. జపనీయులు దీన్ని ‘నగ్న స్నేహం’ అంటారు.

కానీ ఆ సమానత్వం నీళ్లలోనిదే, గుమ్మానిది కాదు. ఒతారు నగరంలో ఒక స్నానశాల విదేశీయులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టి, జపాన్ పౌరసత్వం పొందిన శ్వేతజాతీయుణ్ని సైతం వెనక్కి పంపింది. 2002లో సప్పొరో జిల్లా న్యాయస్థానం అది జాతి వివక్షేనని తేల్చి, ముగ్గురు ఫిర్యాదుదారులకు తలా పది లక్షల యెన్ల పరిహారం విధించింది. నగరపాలక సంస్థను మాత్రం బాధ్యురాలిగా చేయలేదు.

25 డిగ్రీల వేడి ఉంటే చాలు, ఊటనీరు ‘ఆన్‌సెన్’ అవుతుందని 1948లోనే చట్టం చేసిన దేశమది. ఆ నీటి దగ్గరకు ఎవరినీ జాతి పేరిట ఆపరాదనే సమగ్ర చట్టం మాత్రం ఇప్పటికీ చేయలేదు.