కన్ను ఎర్రబడితే చుక్కల మందేనా?

సిరిసిల్లలో కోడి కూయడానికి ముందే సాంచాల చప్పుడు వినిపిస్తుంది. 2023 ఆగస్టు చివర్లో ఒక తెల్లవారుజామున ఆ చప్పుడుకే ఆయనకు మెలకువ వచ్చింది. కుడి కంట్లో ఇసుక పోసినట్టు గరగర. నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. అద్దంలో చూసుకుంటే కన్ను చింతనిప్పు!

‘‘కండ్లకలక అయినట్టున్నది. ఇయ్యాల పనికి పోకు’’ అంది భార్య.

‘‘పోకుంటే ఎట్ల? సాంచా నడిస్తేనే కూలి. ఎల్లుండి రాఖీ పున్నం. అక్క వస్తది, బిడ్డ వస్తది. ఉత్త చేతులతోటి ఉంటమా?’’

ఆ మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. పనికి వెళ్తూ దారిలో ఒక మందుల దుకాణం దగ్గర ఆగి కన్ను చూపించాడు. అవతలి మనిషి ఒక్క ప్రశ్న అడగలేదు. చుక్కల మందు సీసా చేతిలో పెట్టాడు. సాయంత్రానికి ఎరుపు సగం తగ్గింది. ‘మంచి మందు’ అనుకున్నాడాయన.

అసలు కథ అక్కడే మొదలైంది.

ఒక్క తువ్వాల... మూడు ఊళ్లు

రాఖీ నాడు ఇల్లు నిండింది. కోరుట్ల నుంచి అక్క వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. తమ్ముడికి రాఖీ కట్టకుండా ఒక్క ఏడూ ఉండలేదు. జగిత్యాలలో హాస్టల్‌లో ఉండి చదువుకునే పెద్దబిడ్డా వచ్చింది. దండెం మీద ఉన్నది ఒకటే తువ్వాల. అందరూ దానికే చేతులూ ముఖమూ తుడుచుకున్నారు.

‘‘వాని కండ్లల్లకు చూడకుండ్రి. మనకూ అంటుకుంటది’’ అని అక్క పిల్లల్ని హెచ్చరించింది. ఆ రోజంతా ఎవరూ ఆయన కళ్లలోకి చూడలేదు. తువ్వాలను మాత్రం ఎవరూ అనుమానించలేదు!

వారం తిరిగేసరికి కోరుట్లలో అక్క కన్ను, జగిత్యాలలో బిడ్డ కన్ను ఎర్రబడ్డాయి.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. 2023 జులై, ఆగస్టు నెలల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లే కాదు... ఢిల్లీ, మహారాష్ట్ర, గుజరాత్‌లూ కళ్లకలకతో అల్లాడాయి. బడులు, హాస్టళ్లు, బస్సులు... నలుగురు ఒకచోట చేరే ప్రతిచోటా అది చేరింది.

చూపుతో అంటుకోదు

కనురెప్పల లోపలి వైపున, తెల్లగుడ్డు మీద పల్చని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాని పేరు కంజంక్టైవా. అది వాచి అందులోని సన్నని రక్తనాళాలు ఉబ్బితే కన్ను ఎర్రగా కనిపిస్తుంది. అదే కళ్లకలక. కారణం వైరస్ కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు. దుమ్ము, పుప్పొడి పడక వచ్చే ఎలర్జీ కూడా కావచ్చు. ఎలర్జీ రకంలో రెండు కళ్లూ విపరీతంగా దురద పెడతాయి. అది మాత్రం ఎవరికీ అంటుకోదు.

మిగతా రెండూ అంటుకుంటాయి. ఎలా? చూపుతో కాదు, చేతితో. కంటి నీరు వేలికి అంటుతుంది. ఆ వేలు తువ్వాలను, తలుపు గడియను, సెల్‌ఫోన్‌ను తాకుతుంది. అక్కడ ఇంకొకరి చెయ్యి పడుతుంది. ఆ చెయ్యి కన్ను నలుపుకుంటుంది. అంతే! కళ్లకలక తెచ్చే అడినోవైరస్ ఇలాంటి వస్తువుల మీద రోజుల తరబడి బతికే ఉంటుంది. నల్ల కళ్లద్దాలు వెలుతురు గుచ్చుకోకుండా కాపాడతాయి. పక్కవాళ్లను కాపాడేది సబ్బు.

ఈ జబ్బుకు పేర్లు కూడా ఊరికొకటి. తమిళనాడు వైపు ‘మద్రాస్ ఐ’ అంటారు. 1969లో ఆఫ్రికాలోని ఘనాలో కొత్తరకం కళ్లకలక విరుచుకుపడింది. మనిషి చంద్రుడి మీద కాలుమోపిన రోజులవి. అక్కడి జనం దాన్ని ‘అపోలో జబ్బు’ అన్నారు. 1971లో బంగ్లాదేశ్ విమోచన పోరాటం నాడు బెంగాల్‌లో వ్యాపిస్తే ‘జై బంగ్లా’ అన్నారు. పేరేదైనా అవన్నీ వైరస్ పనే.

యాంటీబయాటిక్ ఎప్పుడు?

జగిత్యాలలో పెద్దబిడ్డ అదృష్టవంతురాలు. హాస్టల్‌లో టీచరమ్మ కన్ను చూడగానే ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టర్ రెప్ప తిప్పి చూశాడు. పల్చటి నీరు. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. కాస్త జలుబు, చెవి ముందు చిన్న గడ్డ. వైరస్ లక్షణాలే అన్నీ. ‘‘దీనికి యాంటీబయాటిక్ అక్కర్లేదమ్మా. చల్లటి తడిబట్ట పెట్టుకో. గరగర తగ్గడానికి కన్నీటి చుక్కలు రాస్తా. తగ్గేదాకా వేరే గదిలో పడుకో. నీ తువ్వాల, దిండుగలీబు ఎవ్వరికీ ఇవ్వకు’’ అన్నాడు. పదో రోజుకు కన్ను తెల్లబడింది. వైరస్ రకం సాధారణంగా ఒకటి రెండు వారాల్లో, ఒక్కోసారి మూడు వారాలకు తనంతట తానే పోతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు.

మరి యాంటీబయాటిక్ దండగేనా? కాదు. ఆ సంగతి దసరా సెలవుల తర్వాత ఇదే ఇంట్లో తేలింది. ఈసారి చిన్నోడి వంతు. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయాయి. పసుపుపచ్చటి చిక్కటి పుసి. తుడిచినకొద్దీ మళ్లీ వస్తోంది. బ్యాక్టీరియా రకం ఇలా ఉంటుంది. పిల్లల్లో ఎక్కువ. తేలికపాటిదైతే ఇదీ వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గొచ్చు. యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే త్వరగా తగ్గుతుంది, ఇంకొకరికి అంటుకోవడం తగ్గుతుంది. క్లోరాంఫెనికాల్, టోబ్రామైసిన్, మోక్సిఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్... వీటిలో ఏది, రోజుకు ఎన్నిసార్లు అన్నది డాక్టర్ చూసి నిర్ణయిస్తాడు. సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల వాడకం. ఎరుపు తగ్గింది కదా అని రెండో రోజే మానేయకూడదు. రెండు మూడు రోజులైనా గుణం కనిపించకపోతే మళ్లీ చూపించాలి.

యాంటీబయాటిక్ విలువ తెలియాలంటే ట్రకోమాను చూడాలి. రెప్పల్ని లోపలికి ముడిచి, వెంట్రుకలు గుడ్డును గీరేలా చేసి చూపు తీసే మొండి బ్యాక్టీరియా జబ్బు అది. మందులు, శస్త్రచికిత్సలు, పరిశుభ్రత కలిసి దాన్ని తరిమాయి. ఇక ప్రజారోగ్య సమస్యగా ట్రకోమా భారత్‌లో లేదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అవసరమైన చోట వాడితే అదీ మందు బలం. అనవసరంగా వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయి. అందుకే ఆ మందుల అట్టల మీద ఎర్రగీత చూసి ఆగండంటూ 2016లో కేంద్రం ప్రచారం చేపట్టింది.

ఎరుపు తగ్గించిందే ముప్పు తెచ్చింది

మళ్లీ సిరిసిల్లకు వద్దాం. ఆయన చుక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. ఆపితే ఎరుపు, వేస్తే తెలుపు. రాఖీ నాడు అక్కకు కూడా కాస్త మందు మిగిల్చి ఇచ్చాడు. ‘‘ఎందుకైనా మంచిది, ఉంచుకో’’ అని. మూడు వారాలకు సాంచా మీద తెగిన పోగు ఆయనకు కనపడలేదు. చూపు మసక. వెలుతురు చూస్తే కన్ను పొడిచినట్టు నొప్పి.

కంటి డాక్టర్ ముందు అడిగింది ఆ సీసానే. చదివి తల ఊపాడు. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఎరుపును, వాపును మాయం చేస్తుంది. వైరస్‌ను చంపదు. సరికదా, కంటి రక్షణను అణచి దాన్ని ఇంకా ఎక్కువ కాలం ఉంచుతుంది. లోపల ఉన్నది హెర్పిస్ వైరసో, నల్లగుడ్డు మీద పుండో అయితే చూపే పోవచ్చు. నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు వస్తాయి. కొన్ని సందర్భాల్లో కంటి డాక్టర్లే స్టెరాయిడ్ రాస్తారు. కానీ పరికరంతో కన్ను చూసి, రోజులు లెక్కపెట్టి ఇస్తారు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది.

ఆయన ఫోన్ చేసేసరికి కోరుట్లలో అక్క బీడీల చాట ముందు కూర్చుని ఉంది. కంటిలో చుక్కలు వేస్తూనే ఉంది. పొగాకు అంటిన చేత్తోనే కన్ను తుడుచుకుంటోంది. ‘‘అక్కా, ఆ సీసా పారెయ్యి. నువ్వు కూడ డాక్టర్‌కు చూపించుకో.’’ ఒకరు వాడిన సీసా ఇంకొకరు వాడకూడదు. మూత తీసిన సీసాను నెల దాటాక వాడకూడదు. చనుబాలు, ఉల్లిరసం, ఆకుపసర్లు అసలే వద్దు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా, వెలుతురు భరించలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా, వడ్లపొట్టో నలుసో పడ్డాక కన్ను ఎర్రబడినా, కాంటాక్ట్ లెన్సు వాడేవాళ్ల కన్ను ఎర్రబడినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. నెలలోపు పసిగుడ్డు కంట్లో పుసి కనిపిస్తే గంట కూడా ఆగకూడదు. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకే బ్యాక్టీరియా రోజుల్లోనే చూపు తీసేస్తుంది. దానికి చుక్కలొక్కటే చాలవు, ఇంజెక్షనో నోటి ద్వారా మందో కావాలి.

సిరిసిల్లలో ఆయన కన్ను బాగుపడింది. అక్క కన్ను కూడా. కానీ ఆయన ఆ నెల లెక్క వేసుకుంటే, ఒక్కరోజు కూలి పోతుందని వేసుకున్న మందు చాలా రోజుల కూలిని మింగింది.

మరుసటి ఏడు రాఖీకి అక్క మళ్లీ వచ్చింది. కాళ్లు కడుక్కుని అలవాటుగా దండెం వైపు చెయ్యి చాచి ఆగిపోయింది. దాని మీద అయిదు తువ్వాళ్లున్నాయి.

‘‘ఇండ్ల నాదేదిరా తమ్మీ?’’