నొప్పి ఎక్కడ?

మేకను కోయడం చూస్తూ పెరిగిన పిల్లలకు ఒంటి లోపల ఏముంటుందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పెర్సాపేన్ పూజకు మేకను కోసినప్పుడు మా గూడెం పిల్లలు చుట్టూ చేరతారు. ఇది గుండెకాయ, ఇది కార్జం, ఇవి గుర్దాలు, ఇది తిల్లి, ఇది బోటి, ఇది భేజా అని ఆరేళ్ళ పిల్లవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. అదే పిల్లవాడు పెద్ద తరగతికి వచ్చాక పరీక్షలో "ప్లీహం ఎక్కడ ఉంటుంది?" అని అడిగితే ఖాళీ వదిలేసి వస్తాడు. వాడికి తిల్లి తెలుసు, ప్లీహం తెలియదు. రెండూ ఒకటేనని చెప్పినవాళ్ళు లేరు.

నేను రాజగోండుల ఇంట్లో పుట్టాను. ఇంట్లో గోండి, అంగట్లో కొంచెం మరాఠీ, కొంచెం ఉర్దూ కలిసిన తెలుగు, బడిలో పుస్తకం తెలుగు. డి.ఎడ్. చదివే రోజుల్లో శరీర భాగాల చార్టు గోడకు తగిలించి పాఠం చెప్పడం మా శిక్షణలో భాగం. కాలేయం, ప్లీహం, జీర్ణాశయం, క్లోమం, మూత్రపిండాలు, ఉదరవితానం. ఆ పేర్లన్నీ రాత్రిళ్ళు హాస్టల్లో బట్టీ పట్టాను. మూత్రపిండం అంటే మా ఇంట్లో కూరలో వేసే గుర్దానే అని తెలిసిన రోజు నాకు నవ్వొచ్చింది. తెలిసిన మనిషిని కొత్త పేరుతో పరిచయం చేసినట్టు అనిపించింది. ఆ తర్వాత ఆ చార్టులో ఒక్క పేరు కూడా మరచిపోలేదు.

ఈ ఇరవై ఏళ్ళలో నేను తెలుసుకున్న సంగతి ఇది. శరీర భాగాల పేర్లు మార్కుల కోసం నేర్చుకునేవి మాత్రమే కావు. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది "నొప్పి ఎక్కడ?" అనే. మన పిల్ల దానికి గోండిలో జవాబు చెబుతుంది. తల్లి దాన్ని వచ్చీరాని తెలుగులో చెబుతుంది. డాక్టరు చెవిన పడేసరికి అది "ఒళ్ళు నొప్పులు" అయిపోతుంది. ఒళ్ళు నొప్పులకు ఇచ్చే గోళీ ఇచ్చి పంపేస్తారు. మధ్యలో పోయిన మాట ఎంత విలువైనదో ఇంటికి వచ్చాక తెలుస్తుంది.

కాబట్టి నేను పాఠం పైనుంచి, అంటే కంటికి కనిపించే భాగాల నుంచి మొదలుపెడతాను. ఇక్కడ మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. గోండి, తెలుగు రెండూ ద్రావిడ భాషలే, దగ్గరి చుట్టాలు. తెలుగులో కన్ను, మనకు కన్. తెలుగులో కాలు, మనకు కాల్. తెలుగులో నెత్తురు, మనకు నెత్తుర్. చెయ్యిని మనం కయ్ అంటాం. చెవిని కెవి అంటాం, కొన్ని చోట్ల కవి అంటారు. పాత ద్రావిడ భాషలో ఉన్న 'క' శబ్దం ఇలాంటి మాటల్లో తెలుగులో 'చ' అయింది, మన దగ్గర 'క' గానే నిలిచింది. ఈ ముక్క చెప్పగానే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే జతలు వెతకడం మొదలుపెడతారు. తెలుగు మాట రాక భయపడే పిల్ల కూడా "మేడం, మన మాటే పాతదా?" అని అడుగుతుంది. ఆ భయం పోవడమే సగం చదువు.

కానీ ఈ పేర్లు చాలవు. కాలు అంటే కాలివేలి నుంచి తుంటి దాకా అన్నీ కాలే. పిల్ల "కాలు నొస్తోంది" అంటే ఎక్కడ? అందుకే కింది నుంచి పైకి ఒక్కొక్కటి తాకిస్తూ చెప్పిస్తాను: కాలివేళ్ళు, అరికాలు, మడమ, చీలమండ, పిక్క, మోకాలు, తొడ, గజ్జ, తుంటి. చేతికి కూడా అంతే: వేళ్ళు, అరచెయ్యి, మణికట్టు, ముంజేయి, మోచెయ్యి, జబ్బ, భుజం, చంక. రెండో మెట్టులో, నొప్పి ఎందులో ఉందో చెప్పమంటాను. పైన తోలులోనా, కండలోనా, కీలులోనా, లోపల బొక్కలోనా? బొక్క అంటే పుస్తకంలో ఎముక. పెద్దవాళ్ళ ఒంట్లో 206 ఎముకలుంటాయి. అన్నిటికన్నా పొడవైనది తొడ ఎముక, అన్నిటికన్నా చిన్నది చెవి లోపల ఉంటుంది. ఈ లెక్కలు పిల్లలకు సరదా. అయితే "కీలులో నొప్పి", "బొక్కలో నొప్పి" అని వేరు చేసి చెప్పగలగడం సరదా కోసం కాదు. ఎందుకో ముందు చెబుతాను.

కడుపు సంగతికి వస్తే చిక్కు ఇంకా ఎక్కువ. తెలుగులో కడుపు అంటే పొట్ట, లోపల తిండి చేరే సంచి కూడా కడుపే, ఆడవాళ్ళు నీళ్ళోసుకుంటే అదీ కడుపే. అందుకని నేను బొడ్డు మీదుగా ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత ఊహించుకోమంటాను. పొట్ట నాలుగు భాగాలవుతుంది. కుడివైపు పైన, పక్కటెముకల చాటున కాలేయం, అంటే కార్జం. దాని కిందే పిత్తాశయం. ఎడమవైపు పైన జీర్ణాశయం, దాని పక్కన వెనకగా ప్లీహం, అంటే తిల్లి. కుడివైపు కింద పెద్దపేగు మొదలవుతుంది, అపెండిక్స్ ఉండేది అక్కడే. ఎడమవైపు కింద పెద్దపేగు చివరి భాగం. నడుమ కింద మూత్రాశయం, ఆడవాళ్ళకైతే దాని వెనక గర్భాశయం. గుర్దాలు పొట్టలో ముందువైపు ఉండవు, వెనక వెన్నెముకకు అటూ ఇటూ ఉంటాయి. అందుకే వాటి నొప్పి నడుము పక్కన మొదలవుతుంది.

తోటి ఉపాధ్యాయులు ఒక సంగతి గమనించాలి. పుస్తకంలో బొమ్మ మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది. బొమ్మ కుడి చెయ్యి మన ఎడమవైపు వస్తుంది. బొమ్మలో కార్జం కాగితానికి ఎడమవైపు కనిపిస్తుంది కాబట్టి పిల్లలు "కార్జం ఎడమ పక్క" అని రాసేస్తారు. కుడి, ఎడమ అంటే ఎప్పుడూ ఆ ఒంటి మనిషి కుడి, ఎడమే. దీనికి మంచి ఉపాయం, పిల్లల చేతులు వాళ్ళ ఒంటి మీదే పెట్టించి చెప్పించడం. మేకతో పోల్చేటప్పుడు కూడా ఒక తేడా చెప్పాలి. మేక నెమరువేసే జంతువు, దాని పొట్ట నాలుగు గదులు. మనిషికి ఒకటే సంచి.

ఇప్పుడు తిల్లి గురించి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి తిల్లి పక్కటెముకల కింద దాక్కుని ఉంటుంది, చేతికి తగలదు. మలేరియా మళ్ళీ మళ్ళీ వస్తే అది ఉబ్బి ఎముకల అంచు దాటి కిందికి వస్తుంది. ఒక ఊళ్ళో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి పిల్లల పొట్టలు తడిమి, ఎంతమందికి తిల్లి పెరిగిందో లెక్క తీయడం మన దేశంలో 19వ శతాబ్దం నుంచీ ఉన్న పద్ధతి.

తిల్లిని ఉబ్బించే మరో జబ్బు సికిల్ సెల్. ఇది మన గోండుల్లో, ఇంకా చాలా ఆదివాసీ తెగల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ గుణం వస్తేనే పిల్లకు జబ్బు అవుతుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నెత్తురు అందని చోట భరించలేని నొప్పి. ఆ నొప్పి ఎక్కువగా బొక్కల్లో వస్తుంది. పసిపిల్లలకైతే చేతులు, పాదాలు వాస్తాయి. చిన్నపిల్లల్లో ఒక్కోసారి నెత్తురంతా తిల్లిలో చేరి, అది గంటల్లోనే ఉబ్బుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. జమైకా దేశంలో సికిల్ సెల్ పిల్లల తల్లులకు తిల్లిని చేత్తో తడిమి చూసుకోవడం నేర్పారు. డాక్టరీ చదవని తల్లులే దాన్ని గుర్తుపట్టి పిల్లలను వేళకు ఆస్పత్రికి తెచ్చారు. మన తల్లులు మాత్రం నేర్చుకోలేరా? తిల్లి అంటే ఏమిటో వాళ్ళకు ముందే తెలుసు కదా.

మా బడిలో నాలుగో తరగతి పిల్ల ఒకతె తరచూ ప్రార్థనకు రాకుండా పడుకునేది. ఆ ఏడాది శరీర భాగాల పాఠం అయ్యాక నా దగ్గరకు వచ్చి, తొడ మీద చెయ్యి పెట్టి, "మేడం, కండ కాదు, కీలు కాదు, లోపల బొక్క నొస్తోంది. రెండు కాళ్ళకూ" అంది. వాళ్ళ నాన్నను పిలిపించి, ఆ మాటను ఒక కాగితం మీద తెలుగులో అలాగే రాసి ఆస్పత్రికి పంపాను. అంతకుముందు రెండుసార్లు గోళీలతో తిరిగొచ్చిన పిల్లకు ఈసారి నెత్తురు పరీక్ష చేశారు. సికిల్ సెల్ అని తేలింది. ఇప్పుడు మందులు వాడుతోంది. నీళ్ళు బాగా తాగాలని, చలిలో తడవకూడదని, జ్వరమొస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలని తోటి పిల్లలకు కూడా తెలుసు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది, 2047 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం. పరీక్షలు చేసేవాళ్ళు మన ఊళ్ళకు వస్తున్నారు. వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే మాట మన పిల్లల నోట ఉండాలి.

ఇంకో సంగతి రాయకపోతే ఈ వ్యాసం సగమే. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలల్లో అన్ని బాధలకూ ఒకటే పేరు, కడుపునొప్పి. ముట్టు నొప్పి, మూత్రంలో మంట, భయం, ఇంటి మీద బెంగ, అన్నీ కడుపునొప్పే. గర్భాశయం, అండాశయాలు, మూత్రాశయం అనే మాటలు బొమ్మతో సహా చెబితే పిల్లలు మొదటి రోజు తలలు దించుకుంటారు, రెండో రోజు నవ్వుతారు, మూడో రోజు ప్రశ్నలు అడుగుతారు. మూడో రోజు దాకా మనం ఓపిక పట్టాలి. చిన్న తరగతుల్లో కూడా రొమ్ము, యోని, పురుషాంగం, మలద్వారం అనే పేర్లు సిగ్గు లేకుండా, ముక్కు, చెవి అన్నంత మామూలుగా చెప్పాలి. పేరు లేని చోట ఎవరైనా చెయ్యి వేస్తే, పిల్ల ఎవరికి ఏమని చెప్పుకుంటుంది? పిల్లలను లైంగిక హింస నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. సాయం కోసం 1098 నంబరు ఉంది. కానీ చట్టం దాకా పోవాలంటే మొదట పిల్ల నోట ఒక మాట రావాలి.

కొందరు ఉపాధ్యాయులు ఇంటి మాటలు వాడితే పిల్లలకు పుస్తకం తెలుగు రాదంటారు. నేను ఒప్పుకోను. 1940లలోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గారి ఆధ్వర్యంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినప్పుడు, పిల్లలకు మొదట గోండి వాచకాలతోనే చదువు చెప్పారు. ఇంటి మాటను మెట్టుగా చేసుకుంటేనే పై మాట అందుతుంది.

మీరు చేయగలిగిన పని చిన్నది. ఒక పెద్ద అట్ట మీద పిల్లను పడుకోబెట్టి చుట్టూ గీత గీయండి. ఒక్కో భాగం పక్కన మూడు పేర్లు రాయించండి: ఇంటి మాట, వాడుక తెలుగు, పుస్తకం మాట. ఇంటి మాట మీకు రాకపోతే పిల్లల అవ్వలను అడిగి రమ్మనండి. కోలాం పిల్లలుంటే కొలామి మాట, లంబాడా పిల్లలుంటే వాళ్ళ మాట నాలుగో వరుసలో చేరుతుంది. ఆ అట్టను తరగతి గదిలోనే కాదు, పిల్లలు పడుకునే గదిలో కూడా తగిలించండి. నొప్పి ఎక్కువగా రాత్రిపూట వస్తుంది. అప్పుడు పక్కన ఉండేది వార్డెనో, కాపలా అమ్మో, తోటి పిల్లో. పిల్ల లేచి ఆ బొమ్మ మీద వేలు పెట్టి "ఇక్కడ" అని చూపించగలగాలి.