ఆర్తప్రలాపం నాస్తికమా?

కార్తీకమాసంలో సాయంసంధ్య వేళ దీపం వెలిగించబోయే ముందు నా చేయి క్షణకాలం ఆగుతుంది. ఈ మాసమాహాత్మ్యాన్ని గూర్చి నేను అనేక సభలలో ప్రసంగించాను. ఆ ప్రసంగాలలో ఎన్నడూ చెప్పని సంగతి ఒకటున్నది. 1977 నవంబరు 19, శనివారం నాడు, కార్తీక శుక్లపక్షంలోనే, సముద్రం మా దివిసీమ మీద పడింది. అప్పటికి నాకు పదకొండేళ్లు, మా చెల్లెలికి అయిదు. అధికారిక గణాంకాల ప్రకారమే ఆ ఉప్పెనలో మరణించినవారు దాదాపు 10,000 మంది. మా ప్రాంతంలో ఆ సంఖ్యను నమ్మినవారు తక్కువ. కుటుంబానికి కుటుంబమే కొట్టుకొనిపోయిన చోట లెక్క చెప్పడానికి ఎవరు మిగులుతారు?

నాన్నగారు మా గ్రామంలోని చిన్న వైష్ణవాలయంలో అర్చకులు. ఆనాడు గాలి ముదరగానే మమ్మల్ని, చుట్టుపక్కల తాటాకు ఇళ్లవారిని ఆలయపు డాబా మీదికి ఎక్కించారు. నీరు వచ్చిన తీరును ఇక్కడ వర్ణించబోను. తెల్లవారిన తరువాత చూచినది మాత్రం చెబుతాను. కోతకు వచ్చిన వరిచేలు లేవు. ఊరు లేదు. తుమ్మచెట్ల ముళ్లకు చీరలు చిక్కుకొని ఉన్నాయి, చీరలతోపాటు మనుష్యులు.

మూడవనాడో నాలుగవనాడో ఒక వ్యక్తి ఆలయం ముందుకు వచ్చాడు. పొలాలలో కూలి చేసుకొని బ్రతికేవాడు. భార్యను, ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నాడు. ద్వారం ఎదుట నిలబడి స్వామిని తిట్టనారంభించాడు. గర్భాలయం నిండా బురద. ఆ బురదనే గుప్పెళ్లతో తీసి మూలమూర్తి మీదికి విసిరాడు. ఇద్దరు ముగ్గురు అతణ్ణి పట్టుకోబోతే నాన్నగారు అడ్డుపడ్డారు. "వదలండి. అననీయండి. అతడు అడగవలసింది ఆయననే" అన్నారు. అతడు అలసి కూలబడిన తరువాత వెళ్లి ప్రక్కనే కూర్చున్నారు. ఒక్క శ్లోకం చదవలేదు. కర్మ అనే శబ్దం ఆయన నోట రాలేదు. కొంతసేపటికి ఇద్దరూ లేచి, శవాలు చేరవేస్తున్నవారిలో కలిసిపోయారు. అర్చకుడై ఉండి శవస్పర్శ ఏమిటని తరువాత బంధువులలో గుసగుసలు వినిపించాయి. బావులన్నీ ఉప్పునీరే. ఆ ఉప్పునీటితోనే స్నానం చేసి ఆయన సాయంత్రం దీపం పెట్టారు.

పెద్దవాడినై వేదాంతాధ్యయనం చేస్తున్న రోజులలో ఈ సంఘటన స్ఫురణకు వచ్చినప్పుడల్లా నాన్నగారి మీద జాలి కలిగేది. ఆయనకు ఆగమం తెలుసు గాని తర్కం తెలియదు, తెలిసి ఉంటే ఆ దుఃఖితునికి సమాధానం చెప్పేవారు గదా అనుకునేవాడిని. నాకు సమాధానం తెలుసు. బ్రహ్మసూత్రాలలో ద్వితీయాధ్యాయం, ప్రథమపాదం, 34వ సూత్రం. కొందరిని అత్యంత సుఖభాక్కులుగా, కొందరిని అత్యంత దుఃఖభాక్కులుగా సృజించిన ఈశ్వరునికి పక్షపాతం, క్రూరత్వం అనే దోషాలు అంటవా అని పూర్వపక్షి ప్రశ్న. శాస్త్రభాషలో వీటినే వైషమ్య నైర్ఘృణ్యాలు అంటారు. ఈశ్వరుడు ప్రాణుల ధర్మాధర్మాలను అపేక్షించియే సృజిస్తాడు కనుక దోషం లేదని సిద్ధాంతం. శంకరభగవత్పాదులు ఇక్కడ వర్షాన్ని దృష్టాంతంగా చూపుతారు. వరికీ యవలకూ వర్షం సాధారణ కారణమే. ఇది వరి, అది యవ అనే భేదం బీజాలలోని సామర్థ్యం వల్ల కలిగింది. మరి తొలి సృష్టికి ముందు కర్మ ఎక్కడిది అని అడిగితే, తొలి సృష్టి అనేదే లేదు, బీజాంకురాల వలె సంసారం అనాది అని తరువాతి సూత్రం చెబుతుంది. ఈ రెండు సూత్రాలను పట్టుకొని నేను గంటన్నర సేపు ప్రసంగించగలను. సభ ముగిసిన తరువాత పెద్దలు వచ్చి, సందేహం తీరింది స్వామీ అని నమస్కరించేవారు. నాకూ తీరినట్లే ఉండేది.

2012లో మా చెల్లెలి కుమారునికి రక్తక్యాన్సరు అని తేలింది. వాడికి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆమెకు లేకలేక కలిగిన సంతానం. పధ్నాలుగు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాము. సూది గుచ్చడానికి నరం దొరకని రోజులు వచ్చాయి. ఆ సమయంలో తల్లి గజేంద్రమోక్షం కథ చెబుతూ ఉండేది. కథలో పడితే వాడు చేయి కదలనిచ్చేవాడు కాదు. ఒకనాడు ఆమె మందుల కోసం క్రిందికి వెళ్లినప్పుడు వాడు నన్ను అడిగాడు: "మామయ్యా, ఏనుగు పిలవగానే వచ్చాడు కదా, నేను పిలవడం సరిగా లేదా?"

"పిలవగానే రాలేదు నాయనా, ఏనుగు వేయి సంవత్సరాలు పోరాడింది" అన్నాను. భాగవతంలో ఉన్నది అదే. వాడు మరేమీ అనలేదు. సరిగానే చెప్పానని నేను అనుకున్నాను.

2013లో, వాడి తొమ్మిదవ యేట, పోయాడు.

కర్మకాండ ముగిసిన మరునాడు చెల్లెలు నా ఎదుట కూర్చొని, "అన్నయ్యా, వాడేం చేశాడు?" అని అడిగింది. ఆమె అడిగినది నన్ను కాదని ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు మాత్రం, ఇన్నేళ్ల అధ్యయనం ఈ క్షణం కోసమే అన్నట్లు, నేను సమాధానం చెప్పాను. ప్రారబ్ధం అన్నాను. జన్మాంతర సంచితం అన్నాను. వర్షదృష్టాంతం చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నది. చివర, "అయితే నా కడుపున పడిన విత్తనమే చెడ్డదంటావు" అని లేచి లోపలికి వెళ్లింది.

ఆనాటి నుండి ఆమె ఇంట దీపం లేదు. నాతో మాటలు కూడ అవసరమైనంత వరకే.

తరువాతి రెండేళ్లు నేను ప్రవచనాలు మానుకున్నాను. ఆరోగ్యం బాగులేదని చెప్పాను, అసత్యం. పీఠం మీద కూర్చొని "కరుణాసముద్రుడు" అనబోతే ఆ సమాసంలోని ఉత్తరపదం దగ్గర గొంతు పట్టుకునేది. మా సీమవాడికి సముద్రం అంటే ఉపమానం కాదు. 33వ సూత్రం సృష్టిని లీల అంటుంది. ఆ మాటను ఎంత గొప్పగా వ్యాఖ్యానించేవాడినో! కేవలం ఆనందపూర్ణత్వం వల్ల, ప్రయోజనాపేక్ష లేకుండా కలిగిన వ్యాపారం అని. పిల్లవాడి మంచం ప్రక్కన పధ్నాలుగు నెలలు కూర్చున్న తరువాత ఆ వ్యాఖ్య నా చెవికే వినరానిదయింది.

సందేహం కలిగినవాడు గ్రంథాలను వదలివేస్తాడంటారు. నేను మరింత చదివాను, కొంత కోపంతో చదివాను. అప్పుడు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో వేసిన ప్రశ్న మొదటిసారి మనస్సుకు తగిలింది. ఈశ్వరుడు దయతో సృజించాడంటారా, సృష్టికి ముందు దయ చూపడానికి దుఃఖితులే లేరు గదా. దయతోనే సృజించి ఉంటే కేవలం సుఖమయంగా సృజించేవాడు గదా అని ఆయన ఆక్షేపణ. వేదప్రామాణ్యం కోసం జీవితమంతా వాదించిన మీమాంసకుడు సృష్టికర్తను అంగీకరించలేదు. విద్యార్థిదశలో దీనిని ఖండించవలసిన పూర్వపక్షంగా కంఠస్థం చేశాను. ఇప్పుడది నా ప్రశ్న అయింది. సంసారం అనాది అని ఒప్పుకున్నా, దానివల్ల దుఃఖంలోని తారతమ్యానికి కారణం తెలుస్తుంది గాని, అసలు ఇంత దుఃఖానికి తావిచ్చే వ్యవస్థ ఎందుకు ఉండాలి అన్నది అట్లే మిగులుతుంది. దీనికి సంప్రదాయంలో సమాధానాలు లేకపోలేదు, నాకు తెలుసు. అవి నన్ను ఒప్పించినంతగా ఇప్పుడు ఒప్పించడం లేదు. ఆస్తిక మిత్రులు నన్ను క్షమింతురు గాక.

సూత్రంలో దోషమున్నదని నేను అనడం లేదు. ఆచార్యులవారు ఆ దృష్టాంతాన్ని వాదసభలో ప్రతివాదికి చెప్పారు. నేను దానిని తీసుకొనివెళ్లి బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఉంచాను. కర్మగతి గహనమని గీత నాలుగవ అధ్యాయంలో భగవానుడే అన్నాడు గదా. ఆయనకే గహనమనిపించినదాన్ని తొమ్మిదేళ్ల పిల్లవాడి మజ్జలో చదివి చెప్పే అధికారం నాకెవరిచ్చారు? నా తలనొప్పికి నా పాపం కారణమని నేను అనుకుంటే అది వైరాగ్యానికి దారితీయవచ్చు. ఎదుటివాని శోకం మీద అదే మాట చెబితే అది తీర్పు అవుతుంది. కుంతీదేవి ఆపదలను వరంగా కోరినదని ప్రవచనాలలో తరచు చెబుతాము. ఆమె లక్కయింటినీ అరణ్యాన్నీ దాటివచ్చిన నోటితో కోరుకున్నది. మరొకరి ఆపదను చూచి, ఇది నీ మేలుకే అని ఆమె ఎవరికీ బోధించలేదు.

ఆ రోజులలోనే వనపర్వంలో ద్రౌపదీ యుధిష్ఠిర సంవాదం మళ్లీ నా ఎదుటికి వచ్చింది. ఎన్నోమార్లు చదివినదే, ధర్మరాజు పక్షాన నిలబడి చదివినది. ఈసారి ఆమె ప్రక్కన కూర్చొని చదివాను. ధర్మాన్ని ఎన్నడూ విడువని భర్త నారచీరలతో అడవిలో ఉన్నాడు, అధర్మపరుడు సింహాసనం మీద ఉన్నాడు. ఇది చూచి ఆమె విధాతనే నిందించింది. బాలుడు బొమ్మలతో ఆడుకొన్నట్లు ఆయన ప్రాణులతో ఆడుకుంటున్నాడన్నది. చేసిన పాపం కర్తకు అంటేదే అయితే ఈశ్వరునికీ అంటాలి, అంటదంటే బలమే ప్రమాణమన్నమాట, బలహీనుల గతి తలచుకుంటేనే దుఃఖం కలుగుతున్నదన్నది. నేటి నాస్తికులు ఇంతకన్న పదునుగా అడిగినట్లు నాకు కనబడదు.

ధర్మరాజు సమాధానం చెప్పాడు. నీ మాటలు అందంగా ఉన్నాయి గాని ఇది నాస్తికం అన్నాడు. ఫలం కోసం ధర్మం చేసేవాడిని కాను, ధర్మంతో వ్యాపారం చేసేవాడు అధముడు అన్నాడు. గొప్ప మాటే. కాని నన్ను నిలబెట్టినది ఆ తరువాత ఆమె అన్న మాట. తాను ధర్మాన్ని ధిక్కరించడం లేదని, ఆర్తురాలై ప్రలపిస్తున్నానని, అట్లే తెలుసుకొమ్మని చెప్పి, ఆమె మరల తన వాదం కొనసాగించింది. వ్యాసభగవానుడు ఆమె నిందావాక్యాలను తొలగించలేదు, సంక్షేపించలేదు. పంచమవేదమని మనం పూజించే గ్రంథంలో, ధర్మరాజు మాటల సరసనే, అవి అట్లే ఉన్నాయి.

స్త్రీపర్వంలో గాంధారి కూడ అంతే. ఆపగలిగిన సమర్థుడవై ఉండి ఎందుకు ఉపేక్షించావని శ్రీకృష్ణుని నిలదీసి శపించింది. ఆలయద్వారం ముందు ఆ కూలివాడు అడిగినదీ సరిగ్గా ఇదే. ఆమె దోషం ఆమెకున్నదని కృష్ణుడు పిమ్మట చెప్పకపోలేదు, అదీ గ్రంథంలో ఉన్నది. కాని ఆ శాపాన్ని మాత్రం త్రోసిపుచ్చలేదు, స్వీకరించాడు.

నీకు ఇప్పుడు విశ్వాసం ఉన్నదా అని ఎవరైనా అడిగితే ఏమి చెప్పను? సంధ్యావందనం మానలేదు. కొన్నాళ్లు అర్ఘ్యం విడిచేటప్పుడు ఎదుట ఎవరో ఉన్నట్లే ఉంటుంది. కొన్నాళ్లు పెదవులు మాత్రమే కదులుతాయి. ఈశ్వరుడు న్యాయమూర్తి అని పూర్వపు కంఠస్వరంతో చెప్పలేను. అయినా అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు, వాడు పిలిచినది సరిగానే ఉన్నది గదా, ఎందుకు రాలేదు అని అడుగుతూనే ఉన్నాను. ఎవరినో ఒకరిని ఉద్దేశించే గదా అడుగుతున్నాను. అది అలవాటు మాత్రమే అని నా మిత్రుడొకరు, హేతువాది, అంటారు. కావచ్చు. ఆయనను ఖండించే యుక్తి నా వద్ద లేదు. ప్రవచనాలు తిరిగి ప్రారంభించాను. 34వ సూత్రాన్ని విద్యార్థులకు పాఠంగా చెబుతాను గాని పరామర్శకు వెళ్లిన ఇంట దాని ఊసు ఎత్తను. అక్కడ ప్రక్కన కూర్చుంటాను. నాన్నగారికి తర్కం తెలియదని ఇరవై యేళ్లు జాలిపడినవాడిని నేను. ఆయన 1994లో పోయారు, ఆ మాట చెప్పుకొనే అవకాశం లేదు.

గత కార్తీకంలో చెల్లెలి ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. నా చేతిలోని గ్రంథాన్ని చూచి, "ఏం చదువుతున్నావు?" అని అడిగింది. పన్నెండేళ్లలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. వనపర్వం అన్నాను. "పైకి చదువు" అన్నది. శ్లోకం చదివి తాత్పర్యం చెబుతూ పోయాను. బాలుడు, బొమ్మలు అన్న చోట ఆమె చేతులు ఆగిపోయాయి.

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. పుట త్రిప్పి ధర్మరాజు సమాధానం అందుకోబోతుంటే చిక్కుడుకాయల చేట ఎత్తుకొని లేచింది.

"ధర్మరాజు సంగతి రేపు చూద్దాంలే అన్నయ్యా, నువ్వు ఉంటావుగా" అని లోపలికి వెళ్లింది.